పిల్లల పళ్లెం

"ఈ ఒక్క పూటైనా ఆ కార్డు చూపించు" అంది ఓడిల్.

ఆల్సీడ్ గిడ్రీ చొక్కా జేబు తడుముకున్నాడు. కార్డు అక్కడే ఉంది. తన పొట్టలో మూడొంతులు కోసి తీసేసినప్పుడు ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. అది చూపిస్తే ఏ హోటల్లోనైనా పెద్దవాళ్లకు కూడా పిల్లల పళ్లెం వడ్డిస్తారు. రెండు చేప ముక్కలు, గరిటెడు అన్నం. ఏడాదిన్నర గడిచినా ఆ కార్డు అంచులు నలగలేదు.

"చూపిస్తాలే" అన్నాడు భార్యతో.

ఇద్దరూ లాఫయెట్‌ ఆసుపత్రికి వెళ్తూ దారిలో భోజనానికి ఆగారు. గోడవారన ఉన్న ఇరుకు సోఫాలు వదిలి, మధ్యలో కుర్చీలున్న బల్ల చూసుకుని కూర్చున్నారు. గంటలో అక్కడ ఉండాలి. ఇవాళ త్రాసు ఎక్కే రోజు. ఇంకో పది పౌన్ల బరువు పెరిగితే ఆపరేషన్ తప్పదని పోయినసారి డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆమె ఎదుట మొగుడూ పెళ్లాలిద్దరూ బుద్ధిగా తలలూపి వచ్చారు. ఆపరేషన్ బల్ల మీద పడుకోవడమంటే ఏమిటో ఆల్సీడ్‌కు తెలుసు. మత్తు దిగాక గొంతులో రేగిన మంట, వారాల తరబడి చెంచాతో కొలిచి తాగిన చప్పిడి రసం అతనింకా మరిచిపోలేదు.

వెర్నా వచ్చింది. ఒకప్పుడు బడిలో ఆల్సీడ్ దగ్గర రసాయనశాస్త్రం చదువుకున్న మనిషి. ఇప్పుడు ఈ హోటల్లో వడ్డన ఆమెదే.

"ఏంటి మాస్టారూ, చూసినప్పుడల్లా ఇలా చిక్కిపోతున్నారు? మిగతా సగం మనిషిని ఎక్కడ దాచారు?"

"పదార్థం నశించదు, చోటు మారుతుందంతే అని నీకు చెప్పానా లేదా?"

"చెప్పే ఉంటారు. నేను ఆ పరీక్ష తప్పాను కదండీ."

ముగ్గురూ నవ్వారు. ఆల్సీడ్ నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. ఈమధ్య ఎవరు మెచ్చుకున్నా అతనికి ముల్లులా గుచ్చుకుంటోంది. నేరం చేసినవాడికి శాలువా కప్పినట్టుంటోంది.

"ఏం తెమ్మంటారు?" అంది వెర్నా.

కార్డు తీయాలనే అనుకున్నాడు. అంతలో వంటింట్లోంచి మొక్కజొన్న పిండిలో వేగుతున్న చేప వాసన వచ్చింది. డాక్టర్లు పొట్టను కోశారు గానీ, కళ్లనూ ముక్కునూ ఉన్నవున్నట్టే వదిలేశారు. ఆకలిలో సగం మెదడులోనే పుడుతుందని అతను చదివాడు. చదివినంత మాత్రాన అది తగ్గలేదు.

"పెద్ద పళ్లెం. చేప, అన్నం, గ్రేవీ. వెన్న రాసిన రొట్టె. చివర్లో తీపికి పీకాన్ పై."

"ఆల్సీడ్" అంది ఓడిల్. తనకు పచ్చి కూరల సలాడ్ చెప్పుకుంది.

పళ్లెం వచ్చింది. అతను చేపను గోరంత ముక్కలుగా చిదిపాడు. ఒక్కో ముక్కనూ నమిలి నమిలి పిప్పి చేసి మింగాడు. నీళ్ల గ్లాసు ముట్టుకోలేదు. తిన్నాక అరగంట దాకా ముట్టుకోకూడదు కూడా. నాలుగు ముద్దలు దిగేసరికి ముక్కు కారడం మొదలైంది. ఇక చాలని కొత్త పొట్ట చెప్పే పద్ధతి అది. అయినా చెంచా కొసతో ఆ తీపి కూడా రుచి చూశాడు. ఇంకొంచెం తింటే ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడ మొదలవుతుంది.

మిగిలిన పళ్లేలు ఎప్పటిలాగే బల్ల మీద అవతలికి జరిగాయి.

"తిండి పారేశామంటే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలేస్తుంది" అంటూ ఓడిల్ ఫోర్కు అందుకుంది.

ఆల్సీడ్ ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూడటంలో అతనికొక సుఖం ఉంది. దాని సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు.

కారు హోటలు దాటి చాలాదూరం వచ్చాక అతనన్నాడు.

"తప్పు నాదే. కార్డు తీసి ఉంటే రెండు ముక్కలతో పోయేది."

"తీస్తావని నేనూ ప్రతిసారీ నమ్ముతాను" అంది ఓడిల్, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మనిద్దరిలో ఎవరికి బుద్ధి తక్కువో నువ్వే తేల్చు. సైన్సు మాస్టారివి కదా."

"నవ్వులాట కాదు ఓడిల్. ఇవాళ అంకె పెరిగిందంటే..."

"ఇప్పుడు భయపడితే అంకె దిగొస్తుందా? రోడ్డు చూసి నడుపు."

అతను రోడ్డు చూసి నడిపాడు. మనుషులు అబద్ధమాడతారేమో గాని త్రాసు అబద్ధం చెప్పదని తరగతి తరువాత తరగతికి నేర్పినవాడు, ఇవాళ అది ఒక్కసారి పొరబడితే బాగుండునని కోరుకున్నాడు. ప్రార్థన మీద అతనికి నమ్మకం లేదు. ఉండి ఉంటే ఆ కాసేపూ దాన్నే పట్టుకుని వేలాడేవాడు.

ఆసుపత్రిలో ఎంతోసేపు కూర్చోనక్కరలేకపోయింది. నర్సు తలుపు తీసి లోపలికి రమ్మంది. ఇద్దరూ లేచారు. లోపల గోడవారన, త్రాసు మీద ఎర్రటి సున్నాలు వెలుగుతున్నాయి.

చెప్పులు విడిచి, ఎముకలు తేలిన అతని భుజాన్ని ఆసరాగా పట్టుకుని, ఓడిల్ త్రాసు ఎక్కింది.