గోదారి వంతెన మీద పోయిన సంచీ

ఇలా దగ్గరకు జరగండమ్మా, ఇది రైల్లో సంచీ పోయిన కథ. ఎవరు కొట్టేశారో దాచిపెట్టి మిమ్మల్ని ఊరించను. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దమనిషే కొట్టేశాడు.

చూస్తే దొంగ అని ఎవరనుకుంటారు? మడత నలగని సఫారీ, నుదుట కుంకుమబొట్టు, బంగారు రంగు కళ్ళజోడు. నరసాపురంలో బండి ఎక్కగానే, "నా పేరు జీవరాజండి. కిటికీ పక్కన మీరు కూర్చోండి అమ్మగారూ" అని చోటు కూడా ఇచ్చాడు. అయినా ఆ అమ్మగారి పక్కనున్న కోడలు దుర్గాశ్రీకి మొదటి నుంచీ అనుమానమే. అతగాడి మాటలు మనుషులతో, చూపులేమో సీటు కింద సంచీ మీద!

ఆ సంచీ దుర్గాశ్రీ అత్తగారు సంపూర్ణమ్మది. విశాఖపట్నం పోర్టులో పనిచేసే కొడుకు దగ్గర కొత్తకోడలి చేత కాపురం పెట్టించడానికి మొగల్తూరు నుంచి బయలుదేరిందావిడ. పాపం, ఆ అబ్బాయికి ఆ ఏడాది ఏదీ కలిసిరాలేదు. స్కూటరు మీంచి పడ్డాడు, కామెర్లొచ్చాయి, చేతిదాకా వచ్చిన ప్రమోషను పక్కవాడికి పోయింది.

"అమ్మాయ్, సంచీ మీద ఓ కన్నేసి ఉంచు" అంది సంపూర్ణమ్మ, పెట్టెలో అందరికీ వినపడేలా. "చెయ్యి మాత్రం వెయ్యకు. అందులో ఏముందో అడక్కు."

"మెల్లగా అనండి అత్తయ్యగారూ, అందరూ వింటున్నారు."

"విననీ. మన ఇంటి బాగంతా దాన్లోనే ఉంది మరి!"

జీవరాజు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. దుర్గాశ్రీ సంచీ వైపు జరిగి కూర్చుంది. ఆ పిల్ల భయం ఆ పిల్లది. కాపురానికొచ్చిన నెలలోనే ద్రాక్షారామం బస్సులో వెండి కుంకుమభరిణె మరిచిపోయింది. "మా కోడలి చేతికిస్తే సముద్రాన్నయినా బస్సులో వదిలేసి వస్తుంది" అని సంపూర్ణమ్మ వీధంతా చెప్పుకుని నవ్వింది. ఇప్పుడీ సంచీ కూడా పోతే, ఇక ఈ జన్మకి ఆ మాట చెరగదు.

భీమవరం దాటాక జీవరాజు వంగి, "కాళ్ళకి అడ్డంగా ఉన్నట్టుంది, పైన పెట్టమంటారా అండి?" అంటూనే సంచీ కాస్త పైకెత్తాడు. ఎత్తి, మెల్లగా దించేశాడు. "బాబోయ్, బాగా బరువుందండి!"

"ఉండదా మరి బాబూ, మా అబ్బాయి పేర పెట్టిందాయె!" అంది సంపూర్ణమ్మ చల్లగా.

ఈవిడకి నోట్లో మాట దాగదు కదా అని దుర్గాశ్రీ లోపల్లోపల మొత్తుకుంది. మడమలతో సంచీని అదిమిపట్టబోయి, చెయ్యి వెయ్యొద్దంటే కాలు వెయ్యొచ్చా అని సందేహమొచ్చి కాళ్ళు వెనక్కి తీసుకుంది.

కొవ్వూరు దాటాక బండి వంతెన ఎక్కింది. వరదల రోజులు. ఎర్రనీళ్ళతో గోదారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఉరకలేస్తోంది. పెట్టెలో ఉన్నవాళ్ళంతా లేచి కిటికీల దగ్గరికి చేరారు. చిల్లర డబ్బులు విసిరారు, పసుపూ కుంకుమా వదిలారు. సంపూర్ణమ్మ చెంబులో నీళ్ళు అరచేతి మీదుగా కిటికీలోంచి ధారగా వదులుతూ, గోత్రం, కొడుకు పేరు చెప్పి ఏదో గొణుక్కుంది. దుర్గాశ్రీ కూడా చేతులు జోడించి కళ్ళు మూసింది. గోదారి మీద కళ్ళు మూయకుండా ఉండడం ఎవరి తరం?

కళ్ళు తెరిచేసరికి ఎదురు సీటు ఖాళీ. సీటు కింద కూడా ఖాళీ. రాజమండ్రి ప్లాట్‌ఫారం వచ్చేస్తోంది. తలుపు దగ్గర సఫారీ, భుజాన సంచీ!

"దొం..." అని నోరు తెరిచిందో లేదో, అత్తగారు తొడ మీద ఒక్కటి గిల్లింది.

"గోదారి తల్లికి దణ్ణం పెట్టుకుంటుంటే ఆ అరుపేంటి?"

దుర్గాశ్రీ అరుపు గొంతులోనే ఉండిపోయింది. సఫారీ జనంలో కలిసిపోయింది.

ఆ తరవాత ఆ పిల్ల పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. ఖాళీ కనపడకుండా చీర కుచ్చిళ్ళు పరుచుకుని బిగుసుకు కూర్చుంది. అన్నవరం కొండ వచ్చింది, దణ్ణం పెట్టలేదు. తుని దాటాక పచ్చటి కొండలు బండితో పాటు పరుగెత్తాయి, తలెత్తలేదు. అత్తగారు మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా జంతికలు నములుతూ, "అదిగో అమ్మాయ్, సముద్రం గాలి తగుల్తోంది, చూశావా!" అంటుంటే ఏడుపు దిగమింగుకుని తలూపింది.

విశాఖపట్నం వచ్చింది. పోర్టు క్రేన్లు, ఓడ కూతలు, ఆటోవాళ్ళ కేకలు, తోసుకుంటూ దిగే జనం. ఇక దాగదు. దుర్గాశ్రీ ప్లాట్‌ఫారం మీదే అత్తగారి చేతులు పట్టుకుని బావురుమంది.

"సంచీ పోయిందండీ అత్తయ్యగారూ! వంతెన మీద ఆ సఫారీ ఆయన పట్టుకుపోయాడండీ! నన్ను పుట్టింటికి పంపేస్తారా?"

సంపూర్ణమ్మ పడీపడీ నవ్వింది. నెత్తిన ట్రంకుపెట్టెతో వస్తున్న కూలీ ఆగి మరీ చూశాడు.

ఈ కథ గుర్తుపెట్టుకుని మీరూ నలుగురికీ చెప్పండి తల్లీ. కానీ అప్పుడావిడ కోడలి కళ్ళు తుడుస్తూ అన్న మాట మాత్రం ఆఖరున చెప్పండేం:

"ఏడవకే పిచ్చిమొహమా, నల్లనువ్వులూ నల్లగుడ్డా పాత ఇనప గునపం ముక్కా మూటకట్టి, నీ మొగుడికి పట్టిన శని వదలడానికి దానం పట్టండి బాబూ అని మొగల్తూరు నుంచి ద్రాక్షారామం దాకా తిరిగితే ఒక్కడూ చెయ్యి చాపలేదు, ఆ మహానుభావుడు అడక్కుండానే భుజాన వేసుకుపోయాడు!"