ఎర్ర రిబ్బన్లు, నీలం రిబ్బన్లు

ఎసరు మరిగేలోపు పైడమ్మ మూడుసార్లు ఫోన్ చూసింది. ఊళ్లోని రెండు సర్కారు బడులకి పిల్లలు చేసే తప్పుల్ని బట్టి పడే మార్కులు అందులో గంటగంటకీ మారుతుంటాయి. ఎక్కువున్న బడికి పిల్లని అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. ఇవాళ ఎర్ర రిబ్బన్ల మెట్ట బడికి డెబ్బై, నీలం రిబ్బన్ల పల్లపు బడికి నలభై.

"అయితే ఎర్ర రిబ్బన్లేనా?" అంది కూతురు హారిక. "ఏ బడికెళ్లినా భిన్నాల మొదటి పాఠమే చెప్తున్నారమ్మా. రెండోది నేనింకా వినలేదు."

పైడమ్మకి చురుక్కుమంది. ఎక్కువున్న చోటికి ఊరంతా ఎగబడడం, ఉన్న ఒక్క టీచరూ అంతమందితో వేగలేక మార్కులు పడిపోవడం, మళ్లీ అందరూ అవతలి బడికి పరుగెత్తడం. ఏడాదిగా ఇదే తంతు.

"నీలంవి కట్టుకో. ఈసారి తక్కువున్న బడికే పోదాం. ఎవరూ ఉండరు, టీచరు నీ ఒక్కదానికే చెప్తుంది."

తీరా వెళ్తే పల్లపు బడి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. ఎక్కడ చూసినా నీలం రిబ్బన్లే.

"నువ్వూ ఇదే అనుకున్నావా వదినా?" అంది పక్కింటి నూకాలు, నేల చూస్తూ.

అంతలో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. పిల్లలెవరూ రాని మెట్ట బడికి నూటికి నూరు. తప్పు చేసేవాళ్లే లేరు మరి.

నూకాలు తన పిల్లాడి రెక్క పుచ్చుకుని మెట్ట దారి పట్టింది. వెనకే మిగతావాళ్లూ కదిలారు.

ఈసారి మాత్రం కదిలేది లేదనుకుంది పైడమ్మ. ఆ మాట చెబుదామని కూతురి వైపు తిరిగింది.

హారిక అప్పటికే నీలం రిబ్బన్లు విప్పేసి, సంచిలోంచి ఎర్రవి తీస్తోంది.