ముందుకి జరిగిన సీటు

సీటు మళ్ళీ ముందుకి జరిగి ఉంది.

కారు తలుపు తెరిచి కూర్చోబోతే యేసురాజు మోకాలు స్టీరింగుకి తగిలింది. కింద చెయ్యి పెట్టి లివరు లాగి సీటుని వెనక్కి తోశాడు. టక్, టక్. సరిగ్గా రెండు టక్కులు. నిన్నా రెండే, మొన్నా రెండే. అద్దం పట్టుకు చూస్తే అదీ కిందికి వంగి ఉంది. ఏసీ గాలి వచ్చే రెక్కల్ని కూడా ఎవరో పక్కకి తిప్పేశారు. ఎవడో పొట్టివాడు తన సీట్లో కూర్చుంటున్నాడు.

దిగి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే తిప్పి తెచ్చి పెట్టారు.

తిరువూరులో రైసుమిల్లు రామలింగేశ్వరరావుగారి దగ్గర యేసురాజు డ్రైవరుగా చేరి ఇరవై రెండేళ్ళు. మూడు కార్లు మారాయి గానీ డ్రైవరు మారలేదు. పాత కారులో ఏ మీట ఎక్కడుందో వెతుక్కునే పనే లేదు, చెయ్యి దానంతటదే వెళ్ళేది. ఈ కొత్తదానితోనే వచ్చింది తంటా. నొక్కే మీటల్లేవు, తిప్పే మరల్లేవు. మధ్యలో నున్నటి గాజుపలక ఒకటి. చలి తగ్గించాలన్నా, పాట ఆపాలన్నా దాన్నే ముట్టుకోవాలట. ఒకసారి ఏసీ తగ్గించబోయి పాట పెంచేశాడు. వెనక కునుకు తీస్తున్న అయ్యగారు ఉలిక్కిపడి లేచారు.

దానికో ఉపాయం కనిపెట్టాడు యేసురాజు. భార్య జ్ఞానమణి బొట్టు పెట్టుకోదు, వాళ్ళది చర్చికెళ్ళే ఇల్లు. అందుకని అమ్మగారు సీతామహాలక్ష్మిగారినే అడిగి ఓ బొట్టుబిళ్ళల అట్ట తెచ్చుకున్నాడు. గాజుపలక మీద ఏసీకి ఒక బిళ్ళ, పాటకి రెండు, గాలి జోరుకి మూడు అంటించాడు. ఇక వేలు తప్పితే ఒట్టు. కారుకి పేరంటం చేశావేంటని అమ్మగారు నవ్వారు.

అయ్యగారు మాత్రం నవ్వలేదు.

మర్నాటినుంచి ఆయన కారెక్కడం మానేశారు. విస్సన్నపేటలో పనుంటే షేరాటోలో వెళ్ళొస్తున్నారు. ఎందుకండీ అంటే, నలుగురితో కబుర్లు బాగున్నాయన్నారు. అమ్మగారు నెమలి ఊళ్ళో గుడికి బస్సులో వెళ్ళారు. ఇంటిముందు కారు, కారు పక్కన డ్రైవరు. తుడిచిన అద్దాన్నే తుడవడం, దులిపిన పట్టానే దులపడం. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే కూర్చోవాలనిపిస్తోంది.

టీకొట్టు జోజప్ప ఆ సమయానికే ఓ కబురు చెవిన వేశాడు. డ్రైవింగు స్కూలు నవదీప్ రోజూ తెల్లారగానే అయ్యగారింటికి వస్తున్నాడట. రెండో తాళంతో కారు తీసి కాలేజీ గ్రౌండు వైపు వెళ్తున్నారట. ఆ మాట విన్నాక టీ చేదెక్కింది.

ఇంకా తెలియనిదేముంది? యాభై ఎనిమిదేళ్ళవాడు, స్పీడు నలభై దాటించనివాడు, పొద్దు వాలితే ఏదో వంక చెప్పి బండి తియ్యనివాడు ఎవరికి కావాలి? స్టీరింగు తప్ప ఇంకో పని చేతకాదు. ఈ వయసులో ఏ గుమ్మం ముందు నిలబడి పని అడగాలి? యేసురాజుకి ఏడుపొచ్చినంత పనయింది.

"అయ్యగారితో చెప్పేస్తే పోతుంది కదా" అంది జ్ఞానమణి, అన్నం వడ్డిస్తూ.

"ఏం చెప్పాలి?"

"ఏం చెప్పాలో నీకు తెలీదా?"

కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ మధ్యాహ్నం పంతం పట్టి సీటుని చివరికంటా వెనక్కి తోసేశాడు. తెల్లారేసరికి అది బుద్ధిగా ముందుకొచ్చి కూర్చుంది.

శుక్రవారం అయ్యగారు పిలిచి, రేపు ఆరింటికల్లా రమ్మన్నారు. జ్ఞానమణిని కూడా తీసుకురమ్మన్నారు.

అంతే, అయిపోయిందనుకున్నాడు. ఎవరినైనా మాన్పించేటప్పుడు ఆలుమగల్ని పిలిచి బట్టలు పెట్టి పంపడం ఆ ఇంటి మర్యాద. వంటామెనీ అలాగే పంపారు.

శనివారం ఆరు కాకముందే వెళ్ళి కారు తుడిచాడు. చివరిసారి కదా అని సీటు తనకి సరిపడా సర్దుకుని రెండు నిమిషాలు కూర్చుని దిగాడు. అయ్యగారు బయటికొచ్చి చెయ్యి చాపారు.

"తాళం ఇలా ఇవ్వు."

యేసురాజు ఇచ్చేశాడు. ఇచ్చాక ఉండబట్టలేకపోయాడు.

"నెమ్మదిగా తోల్తానేమో గానీ అయ్యగారూ, ఇన్నేళ్ళలో మీ బండికి ఒక్క గీత పడనివ్వలేదండి."

"తెలుసు" అన్నారాయన.

అని, ఇరవై రెండేళ్ళుగా వెనక సీటు తప్ప ఎరగని మనిషి ముందు తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చున్నారు. కాళ్ళు అందలేదు. కింద చెయ్యి పెట్టి లివరు లాగారు. టక్, టక్.

జ్ఞానమణి అప్పటికే కళ్ళు తుడుచుకుంటూ వెనక సీట్లో ఉంది.

"నీ సీట్లో ఇంకో డ్రైవర్ని కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అందుకే ఆ నవదీప్ దగ్గర నేనే నేర్చుకున్నా. మీ ఆవిడ పక్కన కూర్చో" అన్నారు అయ్యగారు, బెల్టు పెట్టుకుంటూ.

యేసురాజు తలుపు పిడి తడుముకుని ఎక్కాడు. అయ్యగారి వేలు గాజుపలక మీద ఒంటి బొట్టుబిళ్ళ దగ్గర ఆగింది.

"పదింటికల్లా విజయవాడలో ఉండాలి యేసురాజూ, కళ్ళకి ఆపరేషనయ్యి నీకు మళ్ళీ చూపొచ్చాక ఈ బొట్టుబిళ్ళలు నువ్వే పీకేద్దువుగాని."