మెత్తబడని మాట

మెత్తబడకపోతే చాలు. ఈ ఒక్క పూటా పిల్ల మెత్తబడకపోతే, ఆ తర్వాత జీవితమంతా ఎంత మెత్తగా ఉన్నా ఫరవాలేదు అనుకుంటూ రాగ్నా తడిసిన కోటు విప్పి చివరి వరసలో కూర్చుంది. ఇంటివాళ్ళకని ముందు వరసలో కుర్చీలు ఉంచారు. అక్కడ కూర్చుంటే తన ముఖం చూసి కూతురు తడబడుతుందని భయం. "అమ్మా, రేపు నువ్వు రాకపోయినా ఏమీ అనుకోను" అని నిన్న ఫోన్‌లో సిల్యే అననే అంది.

భాషాశాస్త్రంలో డాక్టరేటుకి ఇవాళ సిల్యేకి అందరి ముందూ పరీక్ష. బెర్గెన్ యూనివర్సిటీలో ఇలాంటివి ఎవరైనా వచ్చి వినొచ్చు.

"ఇలాంటివి ఒక్కటీ వదలనమ్మా," అన్నాడు పక్క కుర్చీలోని ముసలాయన, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "మందులషాపు మూసేశాక ఇదే నా కాలక్షేపం. పేరు ఎగిల్. ఈ పిల్ల గట్టిదండోయ్! తీరం యాసలోని సాగదీత ఓడవర్తకులు తెచ్చిందేనని ఓ లావుపాటి పుస్తకం ఎన్నేళ్ళుగానో చెప్తోందా, ఈమె కొండలెక్కి, ఓడ మొహం చూడని ముసలమ్మల దగ్గర అదే సాగదీత పట్టుకొచ్చింది."

"మంచులో, స్కీల మీద," అంది రాగ్నా గర్వం ఆపుకోలేక. "జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా వెళ్ళింది."

"మీ అమ్మాయా! ముందే చెప్పొద్దూ!" ఎగిల్ ఆమెకూ కాఫీ పోశాడు. "ఆ పుస్తకం రాసినావిడకి ఇవాళ నిద్రపట్టదు పాపం."

"పట్టకపోతే ఏం? పొగడ్తల మధ్య చాలా ఏళ్ళు నిద్రపోయే ఉంటుందిలెండి."

"అమ్మో, మీరూ తక్కువవారు కారు!"

స్వీడన్ నుంచి వచ్చిన పరీక్షకుడు ఎక్‌మన్ కళ్ళద్దాలు తీశాడు.

"పాత సిద్ధాంతం అసంపూర్ణం అని రాశారు. మీ సాక్ష్యాలు చూస్తే అంత మర్యాద అక్కర్లేదనిపిస్తోంది. అసంపూర్ణమా, తప్పా?"

సిల్యే కళ్ళు వరసలన్నీ వెతుక్కుంటూ చివరికి వచ్చి ఆగాయి.

చెప్పవే, అని రాగ్నా లోలోపలే కసిరింది. చదరంగంలో గెలిచే ఎత్తు కనబడ్డా, ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని వేయకుండా కూర్చునే పిల్ల ఇది. రాగ్నా చూపు తిప్పుకోలేదు.

"తప్పు," అంది సిల్యే. "పునాదితో సహా తప్పు."

ఇక తను అడిగేదేమీ లేదన్నాడు ఎక్‌మన్, నవ్వుతూ.

"అబ్బ, ఏం దెబ్బ!" ఎగిల్ తొడ చరుచుకున్నాడు. "ఆ పుస్తకం రాసినావిడ ఈ గదిలో ఉంటే మొహం ఎక్కడ పెట్టుకునేదో!"

ఆ పుస్తకం రాసిన రాగ్నా లేచి నిలబడి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.