ప్యానెల్ మీది టీచరు

ఏడో తరగతిలో భిన్నాల పాఠం నడుస్తోంది. చెబుతున్నది గోడ మీది డిజిటల్ ప్యానెల్. సుశీల వెనక బెంచీ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

తెర మీద కనిపించేది ఒక తెల్లకాగితం, దాని మీద రాస్తున్న చెయ్యి. అంతే. మనిషి కనిపించదు. కానీ ఆ గొంతు ఉంది చూశారూ, దానికి అలుపు లేదు, తడబాటు లేదు.

"లాడ్ బజార్ల డజను గాజులు కొన్నం. ఇంటికొచ్చేసరికి మూడు పగిలినయ్. ఎంత భాగం అమ్మకు చూపిద్దాం, ఎంత భాగం దాచిపెడదాం?" అంది ఆ గొంతు.

పిల్లలు పడీ పడీ నవ్వారు. సుశీలకు ఒళ్లు మండిపోయింది. ఆ టీచరు తర్వాత ఏమంటుందో, ఎక్కడ ఆగుతుందో తనకు తెలుసు. అయినా కుళ్లు ఆగలేదు. కుళ్లే, ఇంకో పేరు పెట్టడం దేనికి?

సుశీల హుస్సేనీ ఆలం బడికి బదిలీ మీద వచ్చింది ఈ జూన్‌లోనే. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉంది కదా అని లీడ్ టీచర్‌ని చేశారు. తరగతుల్లో ప్యానెళ్లు ఎలా పనికొస్తున్నాయో చూసి నివేదిక రాయాలి. ఈ వీడియో పాఠాలు తెచ్చిపెట్టింది సైన్సు చెప్పే నీహారిక. ఏదో వాట్సాప్ గ్రూపులో దొరికాయట, చేసినవాళ్ల పేరు లేదు.

పాఠం అయిపోయాక సుశీల సుద్దముక్క అందుకుంది. సగం లెక్క కూడా చెప్పకముందే స్రవ్య చెయ్యెత్తింది.

"మేడమ్, మీరు చెప్పేది వెనక బెంచీలకు ఇనబడ్తలేదంట. గా టీచర్‌నే మళ్ల పెట్టరా?"

"అంత ఇష్టమా ఆమె?"

"మస్తు ఇష్టం. ఆమె మన బడికొస్తే మంచిగుండు."

సుశీల సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

మధ్యాహ్నం హెడ్మాస్టర్ వైకుంఠం పిలిపించాడు. "అన్ని సెక్షన్లకు ఆమె పాఠాలే పెడదామనుకుంటున్న మేడమ్. మీరు పక్కన నిలబడి లెక్కలు దిద్దితే చాలు. రిపోర్టుల మీరు సరే అంటే అయిపోయినట్టే."

సుశీల తలూపి స్టాఫ్ రూముకు వచ్చి రిపోర్టు ఫారం ముందేసుకుంది. వద్దని రాస్తే తరగతి తనకు దక్కుతుంది, పిల్లలు ఆవలిస్తారు. సరేనంటే రిటైరయ్యేదాకా ఆ మహాతల్లి పక్కన దిష్టిబొమ్మలా నిలబడాలి. రెండుసార్లు 'వద్దు' అని రాసి కొట్టేసింది. పిల్లల నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. చివరికి పంటి బిగువున 'కొనసాగించవచ్చు' అని రాసింది.

నీహారిక తొంగి చూసింది. "కింద ఒక గడి మిగిలింది మేడమ్. పాఠం చెప్పిన టీచర్ పేరు. ఎవరో తెలిస్తే పిలిచి శాలువా కప్పుదమంటున్నరు సారు."

సుశీల ఆ ఖాళీ గడిలో రాసింది: "నేనే, గొంతు ఆపరేషన్‌కు ముందు."