పన్నెండో పెరడు

తొంభై మూడులో కూలగొట్టిన రైల్వే క్వార్టర్లలో ఏ మొక్కలు మొలిచాయో రాసుకోవడానికి హిజ్లీ కాలేజీ క్యాంపస్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి, తుప్పల మధ్య వరసగా నిలబడ్డ కరివేపాకు చెట్లు చూసి ఆగిపోయింది.

"ఇవి ఎవరు నాటారమ్మా?"

గడ్డి కోస్తున్న ఎలీసమ్మ కొడవలి ఆపింది. "ఇంటికొకటి, తల్లీ. పెరటి గుమ్మంలోంచి బియ్యం కడిగిన నీళ్లు పోసీవోలం. ఇళ్లు పోనాయి, సెట్లు ఉండిపోనాయి."

"పునాదులు పన్నెండున్నాయి, చెట్లు పదకొండే. ఈ ఒక్కచోట నేల బాగోలేదేమో" అంటూ అమ్మాయి కాగితం మీద రాయబోయింది.

"నేల మంచిదే. అది మా ఇల్లు. నీళ్లు పోసీది మా కూతురు సొర్నం. ఎనిమిదో ఏట జొరమొచ్చి పోనాది. మరింక పెరటి తలుపు తియ్యనేక, కడిగిన నీళ్లు ఈదిలోనే పారబోసినాను. మోకాలెత్తు మొక్క, ఆ ఏసంగి దాటనేదు."