గుక్కెడు నీళ్లు

“నీళ్లు కాగాయి, లేమ్మా. స్నానం చేస్తే కాస్త కుదుటపడతావు,” అంది తల్లి, కళ్లు తుడుచుకుంటూ.

కూతురు లేవలేదు. వంటింటి గోడకు ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. భుజం దగ్గర బట్ట చిరిగింది. చేతిలో కళ్లజోడు పెట్టె ఇంకా అలాగే ఉంది.

ఆ కళ్లజోడు అక్కది. కాడ విరిగిందంటే, తను పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలోనే బాగుచేయించి, మధ్యాహ్నం ఇచ్చి వద్దామని వెళ్లింది. అక్క ఇంట్లో లేదు. బావ ఉన్నాడు. ఆమె లోపలికి రాగానే తలుపు గడియ పెట్టాడు.

సంచిలో ఈల ఉంది. కారప్పొడి పొట్లం ఉంది. రెండూ పెద్దత్త ఇచ్చినవే. పరాయి వీధిలో నడిచేటప్పుడు ఈల గుప్పిట్లో పెట్టుకుంటుంది. సొంత అక్క ఇంటికి వెళ్తూ ఎవరు పెట్టుకుంటారు?

“పోలీసులకు చెబుతాను,” అంది. జరిగింది తల్లి చెవిన వేశాక ఆమె అన్న మాట అదొక్కటే.

తండ్రి గతుక్కుమన్నాడు. “మెల్లగా! గోడలకు చెవులుంటాయి. అవతల పెద్దదాని కాపురం ఏమవుతుందో ఆలోచించావా? అల్లుణ్ణి పిలిపిస్తాను. తప్పయిందని కాళ్లు పట్టుకుంటాడు. ఇంతటితో పోతుంది.”

పోతుందట! జలుబా పోవడానికి?

అప్పుడు దిగింది పెద్దత్త, మేడమీది నుంచి. తండ్రికి అక్క. బతుకంతా ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా చేసి, రిటైరయ్యాక ఈ ఇంటికి వార్డెన్ అయింది. చీకటి పడితే గేటుకు తాళం. గట్టిగా నవ్వితే కేక. ఆమె నడుముకు వేలాడే తాళాల గుత్తి చప్పుడు వింటే తమ్ముడు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

విషయం విని ఆమె ఏడవలేదు, తిట్టలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి, కాగిన నీళ్లన్నీ సింకులో కుమ్మరించింది.

“అయ్యో, వదినా!”

“స్నానం లేదు, ఏమీ లేదు. ఏదీ, దాని ఫోను ఇలా తే.”

ఫోను లాక్కుంది. మేనకోడలి రెక్క పట్టుకుని మెట్ల కింది గదిలోకి తీసుకుపోయింది. పాత పరుపులు, పాడైపోయిన కుట్టుమిషను, చువ్వల కిటికీ. అంతే ఆ గది.

“అత్తా, బట్టలైనా మార్చుకోనీ. ఒళ్లంతా కంపరంగా ఉంది.”

“అక్కర్లేదు. ఉన్నదున్నట్టు అలాగే పడుండు.”

బయట తాళం పడింది. అదీ చాలలేదు కాబోలు. ఇంతకంటే గట్టి తాళం కావాలంటూ తనే బజారుకు పోయి, గంట తర్వాత పిడికిలంత తాళం ఒకటి కొనుక్కొచ్చి, దాన్నీ బిగించింది.

“అక్క ఉందంటే నాకు కొండంత అండ. గుట్టు గడప దాటదు,” అన్నాడు తండ్రి.

లోపల ఆ పిల్ల అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. ఒంటిమీది చర్మం ఊడదీసి అవతల పారేయాలనిపిస్తోంది. అమ్మ ఏడుస్తుందనీ, నాన్న భయపడతాడనీ ముందే తెలుసు. పెద్దత్త మాత్రం తన వైపు నిలబడుతుందనుకుంది. చిన్నప్పటి నుంచీ జాగ్రత్త, జాగ్రత్త అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి కదా! ఆ నిమిషాన ఆమెకు బావ మీద కంటే అత్త మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

తల్లి మనసు ఊరుకోలేదు. గ్లాసుతో నీళ్లు తెచ్చి కిటికీ చువ్వల్లోంచి అందించబోయింది. పెద్దత్త చెయ్యి విసిరింది. గ్లాసు గచ్చు మీద దొర్లింది.

“గొంతెండితే అరవకుండా ఉంటుంది. పో అవతలికి.”

కాపురానికి వచ్చిన నాటి నుంచి వదినగారికి ఎదురు చెప్పని మనిషి ఆరోజు చెప్పింది. “మీరసలు మనిషేనా? కని ఉంటే తెలిసేది. మీకేం తెలుసు వదినా ఈ బాధ!”

పెద్దత్త తాళాల గుత్తిని గుప్పిట్లో నొక్కి పట్టుకుంది.

“కిటికీ దగ్గరికి ఎవరూ రావద్దు,” అంది. ఒక కుర్చీ లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చుంది.

పొద్దు వాలుతుండగా వీధిలో బండి ఆగింది. ఆ చప్పుడు లోపలున్న పిల్లకు తెలుసు. బావ బండి.

“రా అల్లుడూ, కూర్చో,” అంటున్నాడు తండ్రి. కొరడాతో కొట్టాల్సిన వాడికి కుర్చీ వేశారు. మంచినీళ్లు అడిగాడు. అతనికి మాత్రం అడగ్గానే అందాయి.

“పిల్ల ఏదీ? నేను మాట్లాడతాను. అది చిన్నపిల్ల, ఏదో పొరపాటు పడి ఉంటుంది,” అంటున్నాడు.

ఆమె పరుపుల వెనక్కి జరిగింది. సంచిలోంచి ఈల తీసి గుప్పిట్లో బిగించింది. ఊదితే వచ్చేదెవరు? రావలసిన వాళ్లంతా ఇంట్లోనే ఉన్నారు.

ముందుగదిలో మాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. అడుగుల చప్పుడు మెట్ల వైపు వచ్చింది. చిన్న తాళం తెరుచుకుంది. తర్వాత పెద్దది. అయిపోయింది, వాణ్ణి లోపలికి పంపుతున్నారనుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

తలుపు తీసింది పెద్దత్తే. ఆమె పక్కన ఎవరో పరాయి ఆడమనిషి, గదినంతా పరకాయించి చూస్తోంది.

“స్నానం చెయ్యనివ్వలేదు, బట్ట మార్చనివ్వలేదు, గుక్కెడు నీళ్లు కూడా తాగనివ్వలేదు ఇన్‌స్పెక్టరమ్మా, వాడి మీద సాక్ష్యమంతా పిల్ల ఒంటిమీద ఎలా ఉన్నది అలాగే ఉంది,” అంది పెద్దత్త, “నాకైతే ఆ రోజు మా అమ్మ ఏడుస్తూ ఏడుస్తూనే స్నానం చేయించేసింది.”